పచ్‌పన్, పచ్‌హత్తర్

ఇవ్వాళ ఏమీ రాయొద్దనే అనుకున్నాను. పొద్దున నాలుగున్నరకే నల్లా వస్తుంది, లేవాలి. కానీ మధ్యాహ్నం అన్నాల దగ్గర మరిది అన్న మాట మనసులోంచి పోవడం లేదు. ఆ మాటకు నేను కూడా తలూపాను. అదే ఎక్కువ బాధగా ఉంది.

మా అమ్మాయి అమ్ములు నర్సు పనికి జర్మనీ పోవాలని జర్మన్ నేర్చుకుంటోంది. బి1 అనే మధ్య స్థాయి పరీక్ష దగ్గర పడింది. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో 100కు 60 రావాలి. నిన్న క్లాసులో నమూనా పరీక్ష పెట్టారు. వినే భాగంలో ఎవరో గది నంబరు చెప్పారట, ఫ్యున్‌ఫ్-ఉంట్-త్స్వాన్‌త్సిష్ అని. ఇది 52 అని రాసి వచ్చింది. జవాబు 25. జర్మన్‌లో ఒకట్లు ముందు చెప్పి పదులు తర్వాత చెప్తారు, 'అయిదూ ఇరవై' అన్నట్టు. ఆ సంగతి దానికి తెలియక కాదు, మొదటి నెలలోనే నేర్చుకుంది. కానీ చెవిన అయిదు పడగానే చెయ్యి 5 వేసేసింది.

కంచం ముందు కూర్చుని ముద్ద కలపకుండా, "గది నంబరు అయితే సరే అమ్మా, రేపు అది మందు డోసు అయితే?" అంది. నర్సు పనికి పోయే పిల్లకు ఆ భయం ఉండాల్సిందే. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అప్పుడు మరిది అందుకున్నాడు. "ఈ బట్టీ కొట్టుడు బందు పెట్టుమను వదినా. ఆడికి పోతే మూడు నెలల్ల అదే వస్తది. మీ అమ్మ ఏం సదివిందని బొంబాయిల హిందీ నేర్చింది?" నేను అవునన్నట్టు తల ఊపి చారు వడ్డించాను.

ఎందుకు ఊపానో చెప్పాలి. ఆ చీటీలతో నేను విసిగిపోయి ఉన్నాను. ఫ్రిజ్ మీద, తలుపు మీద, బియ్యం డబ్బా మీద, ఎక్కడ చూసినా జర్మన్ మాటలు రాసిన పసుపు చీటీలే. జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది. చెంచా పుంలింగం, కత్తి నపుంసకలింగం, ఫోర్కు స్త్రీలింగం. మూడూ ఒకే డబ్బాలో ఉండేవి, మూడూ తిండికి వాడేవి, కానీ మూడింటికీ మూడు రకాలు! ఎందుకంటే చెప్పే సూత్రం లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. మనకు "గిన్నె పడింది", "అక్క వచ్చింది" రెండింటికీ చివర ఒకటే ముక్క. అట్లాంటి భాష మాట్లాడి పెరిగిన పిల్ల చెంచా మగదా ఆడదా అని రాత్రి పన్నెండింటి దాకా గొణుక్కుంటుంటే కడుపులో దేవినట్టు అవుతుంది నాకు.

చీటీల కంటే ఆ క్లాసు మీద నాకు కోపం ఎక్కువ. పరిచయం చేసుకోవడం అని ఒక పేరా ఇచ్చి ముప్పై మంది చేతా అదే అప్పజెప్పిస్తున్నారు. నా పేరు ఫలానా, మా ఊరు ఫలానా, నాకు వంట, ప్రయాణాలు ఇష్టం. ముప్పై మందికీ వంటే ఇష్టమట. అమ్ములుకు వంటంటే పడదు. దానికి ఇష్టమైనవి ముగ్గులు. సంక్రాంతికి వాకిలంతా దానిదే. ముగ్గును జర్మన్‌లో ఏమనాలో, ఎట్లా వివరించాలో ఒక్కరైనా అడిగించారా? పోయిన వారం అక్కడ పనిచేస్తున్న దీని సీనియర్ ఫోన్ చేసి, ప్రాక్టీసు కోసం జర్మన్‌లోనే "ఇవ్వాళ ఏం తిన్నావే" అని అడిగింది. అన్నం తెలుసు, పప్పు తెలుసు, తిన్నాను అనడమూ తెలుసు. అయినా ఫోను చెవి దగ్గర పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పేరాలో లేని ప్రశ్న కదా. ఆరు నెలల ఫీజు కట్టించుకుని మనుషులతో మాట్లాడటం నేర్పకపోతే ఎట్లా? అక్కడ మంచం మీది ముసలాయన నీ హాబీ ఏమిటని అడగడు. నొప్పిగా ఉంది అంటాడు, కిటికీ వెయ్యి అంటాడు, నా కొడుకు ఎప్పుడొస్తాడు అంటాడు.

అందుకే మరిది మాట సబబుగా తోచింది. అన్నాలయ్యాక గిన్నెలు తోముతుంటే మాత్రం, మీ అమ్మ అన్న మాట వెనక్కి తిరిగి వచ్చింది.

అమ్మకు హిందీ అదే వచ్చిందా?

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తమ్ముణ్ని అవ్వ దగ్గర వదిలేసి, నాయిన, అమ్మ, నేను కృష్ణా స్టేషన్‌లో రైలెక్కాం. వాడి జంక్షన్ మీదుగా బొంబాయి. ఇప్పుడు అదంతా నారాయణపేట జిల్లాలోకి పోయింది గానీ అప్పుడు మాది ఒకటే పాలమూరు. కట్టే బిల్డింగు పక్కనే రేకుల గుడిసెలు. గుంపు మేస్త్రి మనవాడే, గుంపులో అందరూ మక్తల్, నారాయణపేట వైపు వాళ్లే. పొద్దున లేస్తే తెలుగు, రాత్రి పడుకుంటే తెలుగు. బొంబాయిలో ఉన్నామన్న మాటే గానీ అమ్మ చుట్టూ ఉన్నది మా ఊరే. ఏడాది అయ్యేసరికి ఆమెకు వచ్చిన హిందీ పానీ, రేతీ, ఈంట్, జల్దీ, ఛుట్టీ, పగార్. పని చెప్తే అర్థమయ్యేది, తిడితే అంతకంటే బాగా అర్థమయ్యేది. తిరిగి ఒక్క మాట అనలేకపోయేది. నేను మాత్రం మూడు నెలలకే పక్క గుడిసెల పిల్లలతో మరాఠీలో కొట్లాడేదాన్ని. నాకెవరూ నేర్పలేదు. ఆటలో నా వంతు నాకు కావాలి కాబట్టి వచ్చింది.

శనివారం పగార్, అంటే కూలి డబ్బులు. ముకద్దం, అంటే కూలీల మీది పెద్ద, నోట్‌బుక్ చూసి పేరు, లెక్క చదివేవాడు. సిరా అంటించి వేలిముద్ర వేయించుకుని నోట్లు చేతిలో పెట్టేవాడు. ఒక శనివారం వాచ్‌మన్ భార్య అక్కడే నిలబడి ఉంది. వాళ్లది ఉత్తరాది, అందరం భాభీ అనేవాళ్లం. సాయంత్రం నీళ్ల దగ్గర నన్ను పిలిచి, "మీ అమ్మ పేరు మీద పచ్‌హత్తర్ చదివాడు, ఎంత ఇచ్చాడో అడుగు" అంది. అమ్మ కొంగు ముడి విప్పింది. అయిదు పదులు, ఒక అయిదు. పచ్‌హత్తర్ అంటే 75. పచ్‌పన్ అంటే 55. అమ్మ చెవికి రెండూ 'పచ్' దగ్గరే ఆగిపోయేవి. ఎన్ని వారాల నుంచి అట్లా ఇస్తున్నాడో మాకు ఎప్పటికీ తెలియలేదు. నాయిన గొడవ వద్దన్నాడు, అడ్వాన్సు తిని ఉన్నాం కాబట్టి.

అమ్మ గొడవ పడలేదు. అంకెలు నేర్చుకుంది.

హిందీ అంకెలు నేర్చుకున్నవాళ్లకు తెలుస్తుంది అది ఎంత కష్టమో. మనకు ఇరవై వస్తే ఇరవై ఒకటి, ఇరవై రెండు వాటంతట అవే వస్తాయి. హిందీలో 100 దాకా ఒక్కోదానికి ఒక్కో మాట. 59ని ఉన్‌సఠ్ అంటారు, అంటే అరవైకి ఒకటి తక్కువ. 69 ఉన్‌హత్తర్, 79 ఉన్నాసీ. సరే పద్ధతి దొరికింది అనుకునేసరికి 89 నవాసీ అయి కూర్చుంటుంది. భాభీ రోజుకు పది చెప్పేది. మర్నాడు కొత్త పది చెప్పే ముందు నిన్నటివి అడిగేది, శనివారం మొత్తం అడిగేది. అమ్మ ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని చెక్కల బాట ఎక్కుతూ ఒక్కో తట్టకు ఒక్కో అంకె అనుకునేది. పైకి పోయేటప్పుడు కొత్తది, ఖాళీ తట్టతో దిగేటప్పుడు పాతవి. నేను ఇసుక కుప్ప మీద కూర్చుని తప్పులు దిద్దేదాన్ని. నెత్తిన బరువుతో పెదాలు మాత్రం కదిలేవి, మెడ కదిలేది కాదు.

నెల తిరిగాక ఒక శనివారం ముకద్దం పచ్‌హత్తర్ అని చదివాడు. నోట్లు ఇచ్చాడు. అమ్మ లెక్కపెట్టుకుంది. సిరా అంటిన బొటనవేలు కాగితం మీదికి తీసుకుపోయి అక్కడే, ఆనించకుండా ఆపింది. "పచ్‌హత్తర్ బోలా" అంది. అంతే. సిరా వేలి మీదుగా మణికట్టు దాకా కారింది. వాడు ఆమె మొహంలోకి కాసేపు చూసి ఇంకో రెండు పదులు తీశాడు. అప్పుడు వేసింది ముద్ర.

ఆ మనిషిని పట్టుకుని అదే వచ్చిందంటాడా! అంతకంటే, నేను విని ఊరుకున్నానా! అమ్మ పోయాక ఆమె గురించి సరిగ్గా చెప్పాల్సింది నేనే కదా.

సాయంత్రం ఈ విషయం మీద కొంత చదివాను కూడా. కెనడాలో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో 1965లో ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు చదువంతా ఫ్రెంచ్‌లోనే మొదలుపెట్టారు. తల్లిదండ్రులే పట్టుబట్టి పెట్టించుకున్నారు. అట్లాంటి బడుల పిల్లలను తర్వాత మెరిల్ స్వెయిన్ అనే ఆమె పరిశీలిస్తే, ఏళ్ల తరబడి అందులోనే ఉన్నా, అర్థం చేసుకోవడం దాదాపు ఫ్రెంచ్ పిల్లల్లాగే ఉంది గానీ మాట్లాడితే, రాస్తే వ్యాకరణం తప్పుతోంది. వింటే చాలదు, వాళ్ల చేత మాట్లాడించాలి అంటుంది ఆమె. చదువుతుంటే తిట్లన్నీ అర్థమవుతూ నోరు మెదపలేని అమ్మే కళ్ల ముందు నిలిచింది.

అమ్ములు ఫోన్‌లోని కార్డుల మీద కూడా కొంచెం మెత్తబడ్డాను. మర్చిపోయినవి తొందరగా, గుర్తున్నవి ఆలస్యంగా మళ్లీ చూపిస్తాయి అవి. దీనికి మూలం ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయనట. అర్థం లేని అక్షరాల ముక్కలు తానే వల్లె వేసుకుని, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకంగా వేశాడు. నిన్నటివి ఇవ్వాళ, వారానివి శనివారం అడిగిన భాభీ పద్ధతి కూడా దాదాపు అదే.

అయితే నేను ఇప్పుడు బట్టీ వైపా? పూర్తిగా కాదు. అమ్మ నేర్చుకున్నవి ఆ శనివారానికి కావాల్సిన అంకెలు. అమ్ములు చేత అప్పజెప్పిస్తున్నది ఎవరిదో హాబీ. ఆ పేరా మీద నా కోపం పోలేదు, పోదు. చీటీలు మాత్రం ఉండనీ. బొంబాయిలో నాకు ఆటల్లో వచ్చిన మరాఠీ అంతా ఊరికి తిరిగొచ్చిన రెండేళ్లకే పోయింది, ఒక్క వాక్యం కూడా కట్టలేను. ఇసుక కుప్ప మీద కూర్చుని దిద్దిన అంకెలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

రాత్రి అమ్ములు దగ్గర కూర్చుని అమ్మ కథ మొత్తం చెప్పాను. పచ్చీస్, అంటే 25 అన్న చోట ఆపి, "ఆగు, ఆగు" అంది. పచ్చీస్‌లో అయిదే ముందు, ఇరవై వెనక. పచ్‌పన్‌లో కూడా అయిదే ముందు. సంస్కృతంలో పంచవింశతి అంటాం, అదీ అంతే. క్లాక్ టవర్ దగ్గర పండ్ల బండ్లవాళ్ల నోట పుట్టినప్పటి నుంచీ పచ్చీస్ వింటోంది, ఎన్నడూ పట్టించుకోలేదు. నేనూ ఈ రాత్రి దాకా గమనించలేదు. కరెంటు బిల్లు తెచ్చి ముందు పెట్టుకున్నాం. నేను అందులోంచి ఒక్కో జత అంకెలు తెలుగులో చెప్పడం, అది జర్మన్‌లో అనడం. తర్వాత అది జర్మన్‌లో చెప్పి నన్ను రాయమంది. పదిలో నాలుగు తప్పు రాశాను. గడియారం సంగతీ చెప్పింది, హాల్బ్ ద్రై అంటే మూడున్నర కాదట, రెండున్నర. అది కూడా మందుల వేళకు కావాల్సిందే, రేపు చీటీ రాయమన్నాను.

పదకొండున్నర దాటింది. ఇప్పుడే లోపల్నుంచి అడిగింది, "అమ్మా, తొంభై ఏడును హిందీల ఏమంటరు?" సూటిగా నోటికి రాలేదు. నబ్బే నుంచి మొదలుపెట్టాను. ఇక్యాన్వే, బాన్వే, తిరాన్వే, చౌరాన్వే, పచాన్వే. అక్కడ అమ్మ తట్ట సర్దుకుని ఊపిరి తీసుకునేది, నేనూ అక్కడే ఆగాను. ఛియాన్వే, సత్తాన్వే.

"సాత్ ముందే ఉంది గదా" అంది. జీబెన్-ఉంట్-నాయిన్‌త్సిష్ అనుకుంటూ రాసుకుంటోంది.