పారిస్‌కి చింతపండు మోయక్కర్లేదు

ఆర్ట్ రెసిడెన్సీ కోసం, అంటే కొన్నాళ్ళు అక్కడే ఉండి నా బొమ్మల పని చేసుకోవడానికి, 2025 మే 8, గురువారం ఉదయం పారిస్‌లో దిగాను. ఇరవై మూడు కిలోల పెట్టె, భుజాన సంచీలో ఎచింగ్ చేసిన, అంటే ఆసిడ్‌తో గీతలు దింపిన, నాలుగు జింకు ప్లేట్లు. ఊళ్ళో దుకాణాలు చాలావరకు మూసి ఉన్నాయి. ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజట, సెలవు. మర్నాడు శుక్రవారం కూడా సెలవు పెట్టేసి ఆదివారం దాకా కలిపేసుకున్నవాళ్ళు బోలెడుమంది. దీనికి వాళ్ళ దగ్గర పేరు కూడా ఉంది, ‘వంతెన’ అని. ఆ నాలుగు రోజులూ బ్రెడ్డు, అరటిపళ్ళు, అమ్మ కట్టిచ్చిన మురుకులతో గడిచాయి. మే నెలలో వెళ్ళేవాళ్ళు ముందే క్యాలెండర్ చూసుకోండి. ఆ ఏడాది మే 1, 8, 29 మూడూ గురువారాలే, మూడూ సెలవులే.

మాది చిత్తూరు వైపు. ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ దింపి కాగితం మీద అచ్చు తీసే పని, చేసేవాళ్ళకి మా జిల్లా పేరు చెప్తే గుర్తొచ్చే మనిషి కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో, లండన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే బ్రిటిష్ కళాకారుడు నడిపే ‘అతెలియే 17’ వర్క్‌షాపులో చేరి, ఒకే ప్లేటు నుంచి ఒకేసారి అన్ని రంగులూ అచ్చు వేసే పద్ధతిని అక్కడి వాళ్ళతో కలిసి తీర్చిదిద్దారు. కాలేజీలో మాకు ఆ పద్ధతి అరకొరగా చెప్పారు. అది పుట్టిన ఊళ్ళో ఒకసారి చేసి చూడాలనే పిచ్చితోనే సితే అంతర్నాసియొనాల్ దెజార్‌కి దరఖాస్తు పెట్టాను. దేశదేశాల కళాకారులు వచ్చి ఉండి పని చేసుకునే చోటు, 1965 నుంచి నడుస్తోంది. మారే పేటలో సీన్ నది ఒడ్డున ఒక భవనం, మోంమార్త్ర్‌లో ఇంకొకటి, మొత్తం మూడు వందలకు పైగా స్టూడియోలు.

‘ఎంపికయ్యారు’ అని మెయిల్ వచ్చిన రోజు ఎగిరి గంతేసి, అసలు ప్రశ్న అడగడం మర్చిపోయాను. డబ్బు ఎవరు కడతారు? రెసిడెన్సీ అన్న మాట ఒకటే గానీ లోపల చాలా రకాలున్నాయి. కొన్నింట్లో స్టూడియో ఇచ్చి నెలనెలా ఖర్చులకీ ఇస్తారు. కొన్నింట్లో మనమే నెలకింత అని కట్టాలి. నాది రెండో రకం. యూరో వంద రూపాయల చుట్టూ తిరుగుతున్న రోజులు, ప్రతి కాఫీ దగ్గరా మనసులో గుణకారమే. అద్దె, విమానం, వీసా, ఇన్సూరెన్స్, సామాను, ప్రెస్ (అచ్చు యంత్రం) వాడుకోవడానికయ్యే ఖర్చు, ఇవన్నీ ఎవరి మీద పడతాయో ఒప్పుకునే ముందే మెయిల్‌లో రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, వాళ్ళకది రోజూ వచ్చే ప్రశ్న.

వీసా సంగతి. తొంభై రోజుల లోపైతే షెంగెన్ షార్ట్ స్టే, అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, సరిపోతుంది. ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోలకు తక్కువ కాని ఆరోగ్య బీమా తప్పనిసరి. తొంభై దాటితే లాంగ్ స్టే, అది వేరే కథ, దిగాక మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో నమోదు కూడా చేయాలి. నేను ఎనభై ఐదు రోజులకి ఆగాను. దిగిన రోజూ, బయల్దేరిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి మరి. నన్ను ఏడిపించింది రోజుల లెక్క కాదు, ఇంటిపేరు. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆహ్వాన పత్రంలో నేను మామూలుగా సంతకం పెట్టే పద్ధతిలో ఒక్క అక్షరమే ఉంది. కౌంటర్లో అబ్బాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘ఇద్దరూ ఒకరేనా మేడమ్?’ అన్నాడు. మళ్ళీ పత్రం తెప్పించి, మళ్ళీ స్లాట్ పట్టుకునేసరికి మూడు వారాలు పోయాయి. దరఖాస్తులోనే పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాసేయండి, అందంగా లేకపోయినా సరే.

విమానాశ్రయం నుంచి ఆర్‌ఈఆర్ బి రైలెక్కి షాత్లేలో దిగి, ఏడో నంబరు మెట్రోలో ఒక్క స్టాపు పోతే పోఁ మారీ. మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా నది. అప్పుడు ఎయిర్‌పోర్ట్ టికెట్ 13 యూరోలు, మెట్రో టికెట్ రెండున్నర. నేను తెలివిగా 31.60 పెట్టి వారం పాస్ కొన్నాను. ఆ వారం అంటే కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు, సోమవారం నుంచి ఆదివారం! గురువారం కొన్న నా పాస్ నాలుగు రోజులకే చచ్చింది. ఎయిర్‌పోర్ట్ టికెట్ అందులోనే కలిసిపోయింది కాబట్టి పెద్ద నష్టమేమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. నెల పాస్ కూడా అంతే, ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా. నావిగో అనే ఇక్కడి రవాణా కార్డు ఫోటో ఉన్నది తీసుకుంటే, దాని మీద ఈ పాస్‌లు ఎక్కుతాయి. రెండు యూరోల ఈజీ కార్డు మీద ఎక్కవు.

స్టూడియో అంటే ఒక పెద్ద గది, ఒక మంచం, ఒక బల్ల, మూలన చిన్న వంటగట్టు. పక్క గదిలో కొలంబియా నుంచి వచ్చిన చెక్కడం పనివాడు, పై అంతస్తులో ఎవరో రోజంతా ఒకే పియానో ముక్క. మొదటి రెండు వారాలు ఒక్క గీత కూడా గీయలేదు. సిమ్ కార్డు, తాళాలు, ప్రెస్ ఉన్న గదిలో నా వంతు ఎప్పుడని తెలుసుకోవడం, వీటికే అయిపోయింది. అప్పుడు టెన్షన్ పడ్డాను గానీ, ఇప్పుడు ఎవరైనా అడిగితే మొదటి పదిహేను రోజులు ఖాళీగానే పెట్టుకోమంటాను. బుధవారం సాయంత్రాల్లో కొందరు తలుపులు తీసి పెడతారు, ఎవరైనా రావచ్చు, చూడొచ్చు. మొదటి బుధవారం సిగ్గుపడి నా గదిలోనే కూర్చున్నాను. అది తప్పు. నాకు ప్రెస్ వేళలు చెప్పింది, పనిలో సాయం పట్టింది ఆ సాయంత్రాల్లో పరిచయమైనవాళ్ళే. లోపలికెళ్ళగానే ‘బోంజూర్’ అనాలి, రొట్టెల కొట్లో అయినా సరే. అనకుండా నేరుగా ‘ఎంత?’ అన్నానా, ఆ అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

సామాను విషయంలో నా సలహా ఒకటే: పరికరాలు తీసుకెళ్ళండి, రసాయనాలు వద్దు. ఆసిడ్, టర్పెంటైన్ విమానంలో ఎక్కనివ్వరు. ప్లేటు చెక్కే బ్యూరిన్లు, గీకే స్క్రేపర్లు చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. కాగితం అసలు మోయకండి, అచ్చులకి పేరున్న ఆర్ష్ కాగితం పుట్టిన దేశమది. రంగుల కోసం నది ఒడ్డు వీధి కే వోల్తేర్‌లో సెనెలియే కొట్టు, 1887 నుంచి ఉంది. నది అవతల లూవ్ర్ మ్యూజియం. లోపల చెక్క సొరుగుల మధ్య గంటసేపు తిరిగి ఒక్క ట్యూబు కొని బయటికొచ్చాను. మంచి ఇంకు ఖరీదే, కానీ ఆ ధరకి తగ్గట్టుగా వచ్చింది. మ్యూజియంలకి డబ్బు పోసేయకండి. కార్నవాలే, పెటి పాలే లాంటి నగరపాలక మ్యూజియంలలో శాశ్వత సేకరణ చూడటానికి టికెట్టే లేదు. లూవ్ర్ మంగళవారం మూసేస్తారు, ఓర్సే సోమవారం.

ఒక రోజు మోంపర్నాస్‌లో రూ కాంపాఞ్ ప్రెమియేర్ దాకా నడిచి వెళ్ళాను. అక్కడ వర్క్‌షాపు ఉన్న ఇంటి నంబరు 17 కాబట్టే దాని పేరు ‘అతెలియే 17’ అయింది. ఇప్పుడక్కడ చూడటానికేమీ లేదు, మామూలు వీధి. పది నిమిషాలు నిలబడి వచ్చేశాను. హేటర్ 1988లో పోయాక ఆ వర్క్‌షాపు ‘కాంత్రపువాన్’ అని పేరు మార్చుకుంది.

అచ్చు పని జూన్‌లో దారిన పడింది. ప్లేటులో ఎత్తుపల్లాలుంటాయి. నూనె ఎక్కువ కలిపిన పల్చని ఇంకు గట్టి రోలర్‌తో పై భాగానికి పూస్తాం. తర్వాత నూనె తక్కువున్న చిక్కటి ఇంకుని మెత్తని రోలర్‌తో దొర్లిస్తే, అది పల్లంలోకి దిగుతుంది గానీ పైనున్న పల్చని ఇంకుకి అంటుకోదు. అంతా నూనె పాళ్ళ మీదే నడుస్తుంది. సరిగ్గా నా చెయ్యి కుదిరిన వారంలోనే ఎండలు ముదిరాయి. జూలై 1న పారిస్‌కి రెడ్ అలర్ట్. మన తిరుపతి ఎండ ముందు ఇదెంత అనుకున్నాను గానీ, ఫ్యాను లేని గదిలో తెలిసొచ్చింది. చిక్కటి ఇంకు కాస్తా పల్చనైపోయి రెండు రంగులూ కలిసి బురదయింది. ఆరు కాగితాలు పారేశాను. ఆ తర్వాత తెల్లారి ఆరింటికే పని మొదలెట్టి పదింటికి ఆపేసేదాన్ని. సాయంత్రం నది ఒడ్డున కూర్చోవడమే. రాత్రి పదింటిదాకా వెలుతురు. జూలై 5న మా కిటికీ కింద, పోఁ మారీ దగ్గర, నదిలో ఈతకి జనాన్ని దిగనిచ్చారు, 1923 తర్వాత మళ్ళీ అప్పుడే. నాకు ఈత రాదు, గట్టు మీద కూర్చుని బొమ్మలు గీసుకున్నాను.

తిండి గురించి ఎవరూ భయపడక్కర్లేదు. గార్ ద్యూ నోర్ స్టేషన్ దాటి లా షపెల్ వైపు పోతే శ్రీలంక తమిళుల కొట్లు వరసగా ఉంటాయి. కరివేపాకు, పొన్ని బియ్యం, ఇడ్లీ రవ్వ, చింతపండు, అన్నీ. చిత్తూరు తమిళం అక్కడ నాకు ఫ్రెంచి కంటే బాగా పనికొచ్చింది. ‘అణ్ణా, పుళి ఇరుక్కా?’ (అన్నా, చింతపండు ఉందా?) అంటే ఆయన మూడు రకాలు చూపించాడు. ఇంటి నుంచి కిలో చింతపండు మోసుకొచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం పెట్టెలో పెట్టకండి, పాల పదార్థాలు ఐరోపాలోకి రానివ్వరు. కూరగాయలకి బుధ, శనివారాల్లో దగ్గర్లోనే ప్లాస్ బొదువాయే సంత.

చివరి వారం పక్క గది కొలంబియా అబ్బాయి రాగి ప్లేటు నల్లబడిపోయిందని వెనిగర్, ఉప్పు వెతుక్కుంటున్నాడు. ఆదివారం, కొట్లు మూసేశారు. నేను నా గదిలోకెళ్ళి మిగిలిన చింతపండు ముద్ద తెచ్చి, కాస్త నానబెట్టి, ఉప్పేసి, మా నానమ్మ రాగి బిందె తోమినట్టు తోమాను. రెండు నిమిషాల్లో ప్లేటు తళతళలాడింది. వాడు వాసన చూసి, కొంచెం నాకి, ముఖం చిట్లించి, మిగతాదంతా తనకి ఇచ్చేసి వెళ్ళమన్నాడు.