ఫిలడెల్ఫియాలో చీజ్‌స్టేక్ ఎక్కడ తినకూడదంటే

2023 జూలైలో తానా మహాసభలకని ఫిలడెల్ఫియా వెళ్ళాం. కన్వెన్షన్ సెంటర్లో ఎటు తిరిగినా తెలుగే, పళ్ళెంలోనూ మన భోజనమే. ఇంతదూరం వచ్చి పప్పూ ఆవకాయేనా అని నాకో పంతం పుట్టింది. ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే చీజ్‌స్టేక్, అంటే పొడుగు రొట్టెలో వేయించిన బీఫ్ ముక్కలూ చీజూ కూరి ఇచ్చేది, తినకుండా కదలకూడదనుకున్నాను. ఎక్స్‌టన్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఫోన్లో ఒకటే మాటన్నాడు. "ఎక్కడ తినాలో నేనొచ్చాక చెబుతా అన్నయ్యా. అందాకా ఎక్కడా తినకు."

తినేశాను.

లిబర్టీ బెల్ చూసి బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నరయింది. నెత్తిన ఎండ, కడుపులో ఆకలి. ఎదురుగా ఓ కొట్టు కనిపించింది. పేరెందుకులెండి. బోర్డు మీద బీటవారిన ఆ గంట బొమ్మా, 'రాకీ' సినిమా మెట్ల బొమ్మా, మధ్యలో 'అసలైన ఫిల్లీ చీజ్‌స్టేక్' అని అక్షరాలు. లోపల పిజ్జా, బర్గరు, నూడుల్స్, ఐస్‌క్రీమ్ అన్నీ ఉన్నాయి. అక్కడే వెనక్కి తిరగాల్సింది.

మేం బీఫ్ తినం కాబట్టి చికెన్‌ది చెప్పాను. డబ్బులిచ్చి చిల్లర జేబులో వేసుకునేలోపే చేతికొచ్చింది. పెనం పక్కన ఎప్పుడో వేయించి కుప్పపోసిన ముక్కల్ని గరిటెతో తీసి రొట్టెలో కూరాడంతే. చీజ్ ముక్క నాలుగు మూలలూ చెక్కుచెదరకుండా పైన పడుకుని ఉంది, కరగాలన్న ఉద్దేశమే దానికి లేదు. కింద రొట్టె చల్లగా ఉంది. ముక్కల్లోంచి దిగిన నీళ్ళకు నాని, రెండో కొరుకుడికే చేతిలో విడిపోయింది. పదహారు డాలర్లు. మా ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, "మన బస్టాండులో ఎగ్ పఫ్ నయం కదండీ," అంది. కాదనలేకపోయాను.

మర్నాడు తమ్ముడు వచ్చాడు. సంగతి విని కాసేపు నవ్వి, బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వే ఎక్కించి ఎల్స్‌వర్త్-ఫెడరల్ స్టేషన్లో దింపాడు. అక్కణ్ణుంచి తూర్పుకి నడిస్తే తొమ్మిదో వీధీ పాష్యంక్ అవెన్యూ కలిసే చోటు వస్తుంది. ఈ తిండి పుట్టిల్లు అదే. 1930లో అక్కడ హాట్‌డాగ్‌లు అమ్ముకునే పాట్ ఒలివియరీ, రోజూ అవే తిని మొహం మొత్తి, కాస్త బీఫూ ఉల్లిపాయలూ పెనం మీద వేయించి రొట్టెలో పెట్టుకున్నాడట. వాసనకి ఓ టాక్సీ డ్రైవరు ఆగి తనకూ ఒకటి కావాలన్నాడట. చీజ్ తర్వాతెప్పుడో వచ్చి చేరింది. ఆ పాట్ పేరుతో నడిచే పాట్స్ కొట్టుకి ఎదురుగానే 1966లో జీనోస్ అనే ఇంకో కొట్టు వెలిసింది. ఇప్పుడా మలుపులో రెండు కొట్లూ, నియాన్ లైట్లూ, ఫొటోలు దిగే జనం.

అక్కడ ఆర్డరు చెప్పడం కూడా ఓ పరీక్షే. 'విజ్ విట్' అనాలి. విజ్ అంటే చీజ్ విజ్, పసుపు ఎక్కువైన మజ్జిగపులుసులా చిక్కగా ఉండే డబ్బా చీజ్. విట్ అంటే ఉల్లిపాయలతో. 2003లో జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి ప్రచారం చేసుకుంటూ ఇక్కడికొచ్చి స్విస్ చీజ్ అడిగాడు. ఆ ఒక్క మాటకి ఊరు ఊరంతా నవ్వింది. మనవాళ్ళ దగ్గర పెసరట్టులోకి టమాటా సాస్ అడిగినట్టన్నమాట.

లైను చాలా పొడుగ్గా ఉంది. "చూడ్డానికి రావాల్సిన చోటే, తినకూడదనీ కాదు. కానీ నీ మొదటిది ఇక్కడ వద్దు," అని తమ్ముడు మళ్ళీ నడిపించాడు. దారంతా రొట్టె గురించే ఉపన్యాసం. వాడి లెక్కలో మాంసం రెండోది. రొట్టె ఏ పూటకాపూట బేకరీ నుంచి రావాలి, పైన పెళుసుగా, లోపల సాగుతూ ఉండాలి. రొట్టెలు అయిపోగానే కొట్టు కట్టేసేవాడైతే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చట. అన్నీ దొరికేచోటా, పర్యాటకులు దిగేచోటా, ఎయిర్‌పోర్టులోనూ ముట్టుకోకూడదట. ఎయిర్‌పోర్టు సంగతి చెప్పేటప్పుడు వాడి గొంతులో సొంత గాయమేదో వినిపించింది.

ఆఖరికి ఇళ్ళ మధ్య ఓ మూల కొట్టు ముందు ఆగాం. కుర్చీల్లేవు. మెనూ అంతా కలిపి ఆరేడు లైన్లు. లోపల మాత్రం నాకు బాగా తెలిసిన చప్పుడు: టకటకటక. అచ్చం కొత్తు పరోటా కొట్టినట్టు, రెండు చేతుల్లో రెండు అట్లకాడలు. చెప్పాకే మాంసం పెనమెక్కింది. ఉల్లిపాయ అంచులు ఎర్రబడ్డాక ముక్కలతో కలిపి పొడుగ్గా సర్ది, మీద చీజ్ పరిచి, తెరిచిన రొట్టెని దానిమీద టోపీలా బోర్లించాడు. కాసేపు ఆగాడు. ఆ కాసేపులోనే ఉంది కిటుకంతా. ఆవిరికి రొట్టె వెచ్చబడి, చీజ్ ముక్కల సందుల్లోకి జారింది. కింద నుంచి అట్లకాడ పోనిచ్చి, ఒక్క తిప్పుతో కాగితం మీదకి తీశాడు.

అది తమ్ముడి బీఫ్‌ది. మా చికెన్ అదే పెనం మీద వెయ్యబోతుంటే మా ఆవిడ నా చెయ్యి నొక్కింది. తమ్ముడు కిటికీలోంచి ఏదో అడిగాడు. ఆయన విసుక్కోకుండా పెనం ఓ పక్క బరబరా గీకి, నీళ్ళు చల్లి తుడిచి, వేరే అట్లకాడలు తీశాడు. చికెన్‌ది అసలు చీజ్‌స్టేకే కాదని వాదించేవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఉండనివ్వండి. కాలిబాట మీద నిలబడి, మోచేతుల దాకా కారుతుంటే ముందుకి వంగి తిన్నాం. నిన్న ఎగ్ పఫ్‌ని తలుచుకున్న మనిషి నా వాటాలోంచి కూడా ఓ కొస తుంచుకుంది.

మరదలి కోసం ఇంకోటి కట్టించుకుని ఎక్స్‌టన్‌కి తీసుకెళ్ళాం. ఇల్లు చేరేసరికి రొట్టె మెత్తబడిపోయింది. ఆ అమ్మాయి ఒక కొరుకు కొరికి, మర్యాదకి "బావుంది బావగారూ" అని, ఫ్రిజ్‌లోంచి ఆవకాయ తీసింది.