నారిమన్ హౌస్ మీద ఆ హెలికాప్టర్

ముంబయి మీద ఉగ్రవాదుల దాడి ఇంకా సాగుతున్న 2008 నవంబరు 28 ఉదయం, ఆ నగరంలోని వర్లీలో మా పెద్దమ్మ ఇంట్లో, చల్లారిపోయిన టీ గ్లాసు చేతిలో పట్టుకొని నేను టీవీ ముందు నిలబడి ఉన్నాను. హెలికాప్టర్ నుంచి తాడు మీదుగా ఎన్‌ఎస్‌జీ (జాతీయ భద్రతా దళం) కమాండోలు యూదుల కేంద్రమైన నారిమన్ హౌస్ పైకప్పు మీదికి దిగుతుంటే, లోపలి బందీలు బతికి బయటపడాలని దండం పెట్టుకున్నాను. అవే ప్రత్యక్ష ప్రసారాలు చూస్తూ పాకిస్తాన్‌లోని సూత్రధారులు దాడి చేస్తున్నవారికి ఫోనులో సూచనలు ఇచ్చారని తరువాత తెలిసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. దాడి చేసినవారిలో ప్రాణాలతో పట్టుబడిన కసబ్ కేసులో 2012లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగానే తప్పుపట్టింది.

తాజ్ హోటల్లో చిక్కు మరొక రకం. గ్రెనేడు విసిరితే ఆ గదిలో అతిథి ఉండవచ్చు, ఆగితే ఉగ్రవాది మరో అంతస్తుకు జారుకోవచ్చు. తలుపు తడుతున్నది కమాండోనో హంతకుడో తెలియక లోపలివారు గడియ తీయడానికే భయపడ్డారు. దాదాపు 60 గంటలు పట్టిందని అప్పట్లో కోప్పడినవారిలో నేనూ ఉన్నాను. ఢిల్లీ నుంచి బలగాలు రావడంలో జరిగిన ఆలస్యంపై ఆ కోపం ఇంకా చల్లారలేదు గానీ, ఒక్కొక్క గదినీ వెతికిన ఆ నిదానాన్ని మాత్రం ఇప్పుడు తప్పు పట్టలేను.

నారిమన్ హౌస్ బందీలు దక్కలేదు. ముందురోజే ఆయా ఒక పసివాణ్ణి ఎత్తుకొని బయటపడింది. ఆ దృశ్యం చూసి పెద్దమ్మ, "ఆ బిడ్డకు ఎవరైనా పాలు పట్టారో లేదో" అన్నది.