కాహింకి

మా తమ్ముడికి కొబ్బరితోట ఉంది. కొబ్బరినీళ్ళు మాత్రం తాగకూడదు.

ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మా చిన్నవాడు నేనేదో పొడుపుకథ వేస్తున్నాననుకుని నవ్వాడు. కిడ్నీలు పనిచేయని ఒంట్లో పొటాషియం పేరుకుపోతుందనీ, కొబ్బరినీళ్ళలో అది ఎక్కువనీ, గుండెకి ముప్పనీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ పూట నా పిల్లలిద్దరి చేతుల్లోనూ చెరో బొండాం ఉంది. కొట్టిచ్చింది వాళ్ళ మావయ్యే. పెద్దది తాగడం ఆపేసి నా మొహంలోకి చూసి, "కాహింకి?" అంది.

ఎందుకు, అని. మామూలు మాటలన్నీ తెలుగులోనే మాట్లాడుతుంది గానీ, కోపమొచ్చినా ఏడుపొచ్చినా దానికి ఒడియానే వస్తుంది.

మాది బరంపురం. అంటే నా మెట్టినిల్లు. మా ఆయన ముత్తాతల నాటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక, ఇల్లు కదలకుండానే వాళ్ళు వేరే రాష్ట్రం వాళ్ళయిపోయారు. నా పుట్టిల్లు కవిటి వైపు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. ఇచ్ఛాపురం దాటితే మా వాళ్ళే. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఫోన్‌లో "పిల్లలకి తెలుగు రావట్లేదు వదినా" అని బాధపడుతుంటే నాకు లోపల నవ్వొస్తుంది. పుట్టిల్లు రైల్లో గంట దూరం. అయినా నా కూతురు 'ళ' రాయమంటే ఒక్క క్షణం ఆగి, ఒడియా అక్షరం సగం రాసి కొట్టేస్తుంది. మావయ్యని 'మాము' అంటుంది. వాడికి అదే ముద్దు.

వాడికి జబ్బని 2017లో తెలిసింది. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. షుగరు లేదు, బీపీ లేదు, తాగుడు అసలే లేదు. నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 6 దాటి ఉంది. ఉద్దానంలో ఆ అంకె అర్థం కాని ముసలమ్మ కూడా ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడికి వెళ్ళినా వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. నీళ్ళ వల్ల అన్నారు, నీళ్ళలో సిలికా వల్ల అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి సరిగ్గా నీళ్ళు తాగకపోవడమన్నారు, వంశంలోనే ఉందన్నారు. ఎన్ని బృందాలు వచ్చి మట్టీ నీళ్ళూ రక్తమూ పట్టుకెళ్ళాయో లెక్కలేదు. ఇదీ కారణం అని ఇప్పటికీ గట్టిగా తేల్లేదు. డాక్టర్ల కాగితాల్లోనే దాని పేరు 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు'. జబ్బు పేరులోనే ప్రశ్న ఉంది.

మరుసటి ఏడు అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారేసరికి తోటలో చెట్లు వేళ్ళతో సహా పడున్నాయి. కొబ్బరిమొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. కిడ్నీలు పోయినవాడికి చెట్లు కూడా ఎందుకు పోవాలి? ఆ మధ్యాహ్నం నేను దేవుడి గూటి తలుపు వేసేశాను. నాలుగు రోజులు దీపం పెట్టలేదు. అత్తగారు చూశారు, ఒక్క మాట అనలేదు. ఐదోరోజు ఆవిడే వెలిగించారు.

అప్పుడు నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ళ మాటలు రెండు రకాలు. మా అమ్మ, "ఏటి చేస్తామే, ఆ బెమ్మ ఎలా రాసేడో అలా" అంటూనే పొద్దున్నే లేచి వాడికి ఉప్పు లేని కూర వేరే గిన్నెలో వండేది. పక్కింటి మౌసీ, "సబు మహాప్రభుంక ఇచ్ఛా", అంతా జగన్నాథుడి ఇష్టం అని, ఇంకేం చెప్పకుండా నా పక్కన కూచుని నాతోపాటు చిక్కుళ్ళు తుంచింది. ఈ రెండు మాటలూ నేను భరించగలిగాను. భరించలేకపోయింది మూడోది. ఒక పెళ్ళిలో, మా బంధువుల్లోనే ఒక పెద్దమనిషి పిల్లల ఎదుట "పూర్వజన్మలో ఏం చేసుకున్నాడో" అన్నాడు. ఆకు ముందు నుంచి లేవలేదు గానీ ముద్ద దిగలేదు. ఆ రాత్రి పెద్దది అడిగింది, మాము ఏం తప్పు చేశాడని. ఏమీ చెయ్యలేదని చెప్పాను. మరి దేవుడు కాహింకి, అంది. నిద్రపోమన్నాను.

2019లో డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మరుసటి ఏడు లాక్‌డౌన్‌లో సరిహద్దు మూసేస్తే, గంట దూరంలో ఉన్నవాణ్ణి నెలల తరబడి ఫోన్‌లోనే చూశాను. మా ఊళ్ళో ఠకురాణి యాత్ర రెండేళ్ళకోసారి జరుగుతుంది. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధిలో ఉన్న పుట్టింటికి వస్తుంది. దేవతకైనా పుట్టిల్లు ఉంది, వచ్చే దారి ఉంది అని ఆ రోజుల్లో అసూయపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, పడ్డమాట నిజం.

ఇక అసలు చెప్పాలనుకున్నది. పోయిన జ్యేష్ఠమాసంలో పెద్దదానికి బళ్ళో ఒడియా వ్యాసం ఇచ్చారు, అణసర గురించి. తెలియనివాళ్ళకి: జ్యేష్ఠ పూర్ణిమనాడు పూరీలో జగన్నాథుడికి, తోబుట్టువులతో కలిపి, 108 కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు. తర్వాత ఏనుగు మొహం వేషం వేస్తారు. అన్ని నీళ్ళకి స్వామికి జ్వరం వస్తుంది. ఇక పదిహేను రోజులు దర్శనం ఉండదు. దైతాపతులనే సేవకులు లోపల సేవ చేస్తారు, పళ్ళూ మందులూ నైవేద్యం పెడతారు. బయట గుడ్డమీద వేసిన బొమ్మలకే దణ్ణం. మా వీధి చివర గుడిలో కూడా తలుపు మూసేస్తారు. మౌసీ మాత్రం మూసిన తలుపు దగ్గరికే రోజూ సాయంత్రం వెళ్ళి, గడప మీద నాలుగు పూలు పెట్టి, రెండు నిమిషాలు నిలబడి వస్తుంది. ఒకసారి తోడు వెళితే లోపల ఉన్నవాడికి వినబడాలన్నట్టు మామూలు గొంతుతో ఇంటి కబుర్లు చెబుతోంది. చిన్నకోడలికి మూడో నెలని.

నాకు ఒడియా చదవడం వచ్చు, కూడబలుక్కుని. అందుకని వ్యాసం నువ్వే చదివి తెలుగులో చెప్పవే అన్నాను. చదువుతూ చదువుతూ ఆగింది.

"అమ్మా, జగన్నాథుడికి జొరం వస్తే ఏం పాపం చేశాడని ఎవరూ అడగరు కదా?"

అడగరు, అన్నాను.

"మందు ఇస్తారంతే."

వ్యాసంలో ఆ మాట రాసిందా అని అడిగితే లేదంది, టీచరుకి ఎందుకు అంది. చదవడం పూర్తిచేసి లేచిపోయింది. నేను అక్కడే కూచున్నాను. ఆ పెద్దమనిషికి ఆరోజు ఏం జవాబు చెప్పాలో ఇన్నాళ్ళూ వెతుక్కున్నాను. జవాబు మా పుట్టింటి దేవుడి దగ్గర కాదు, ఈ ఊరి దేవుడి దగ్గర దొరికింది. పిల్లలు నా తెలుగులోంచి జారిపోతున్నారని నేను బెంగపడుతుంటే, అది ఆ ఒడియాలోంచే ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఎందుకు అన్నదానికి అది జవాబు కాదని నాకూ తెలుసు. ఆయన సంకల్పం ఏమిటో నాకిప్పటికీ బోధపడదు. మంచికే జరిగింది అనే మాట నా నోట రాదు, రావాలని కూడా అనుకోను. కానీ ఆయన లోపల ఉన్నాడు. అది నమ్ముతాను. మౌసీ నమ్మినట్టు నమ్ముతాను.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు ఉద్దానానికి పైపుల్లో వస్తున్నాయి. కారణం తేలేవరకూ ఆగకుండా నీళ్ళు మార్చారు, అది మంచిపని. మా తమ్ముడికి మాత్రం ఆ నీళ్ళు కూడా కొలతే. పొద్దున్న లేవగానే ఒక స్టీలు చెంబు నింపుకుంటాడు. రోజంతటికీ అదే.

రథయాత్ర ముందు ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. పెద్దది అణసర కథంతా మాముకి చెప్పింది, ఒడియా సగం తెలుగు సగం. వాడు శ్రద్ధగా విని, "దేవుడికి పదిహేను రోజులే కదే అమ్మలూ, నాకు ఆరేళ్ళు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది నవ్వలేదు. దాని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

కాసేపాగి వాడి ఎడమచెయ్యి దగ్గరికి లాక్కుంది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోట ఫిస్టులా ఉబ్బి ఉంటుంది, వేలు పెడితే లోపల తుమ్మెద ఉన్నట్టు గుయ్‌మంటుంది. ఆ మోత ఆగిపోతే ప్రమాదం. అందుకని వాడు రోజూ చూసుకుంటాడు. చిన్నప్పటి నుంచీ, ఎప్పుడు వెళ్ళినా ముందు అది ముట్టుకుని చూడడం వీళ్ళకి ఆట. ఈసారి పెద్దది చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఉందా?" అన్నాడు వాడు.

"ఉంది మాము."

తమ్ముడు ఆ చేతిని అలాగే వదిలేసి, రెండో చేత్తో చెంబు అందుకుని ఒక గుక్క తాగాడు.