హిస్టోన్ వేరియంట్లు నా జేఆర్‌ఎఫ్‌ను ఏడాది ఆపాయి

మొన్న రిజల్ట్ వచ్చింది. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో, లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేయడానికిచ్చే ఫెలోషిప్) కొట్టాను, నాలుగో ప్రయత్నంలో. స్కోర్‌కార్డు తెరిచి పేరు, రోల్ నంబరు మూడుసార్లు సరిచూసుకున్నాకే అమ్మకు ఫోన్ చేశాను. అప్పటి నుంచి జూనియర్లు "అక్కా, ప్లాన్ చెప్పు, బుక్స్ చెప్పు" అని అడుగుతున్నారు. అంతకన్నా ముందు నేను ఎక్కడ పడ్డానో చెప్పాలి. మీ డౌట్లు చూస్తుంటే చాలామంది ఇప్పుడు అక్కడే ఉన్నారనిపిస్తోంది.

మూడో ప్రయత్నం ఏడు మార్కుల తేడాతో పోయింది. కీ వచ్చాక లెక్క చూసుకుంటే పార్ట్ సీలో క్రోమాటిన్ (హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ డీఎన్ఏ చుట్టుకుని ఉండే రూపం) మీద చేసిన రెండు ప్రశ్నలూ తప్పు. ఒక్కోదానికి రావాల్సిన నాలుగూ పోయి, పైన మైనస్ ఒకటి. రెండూ కలిపి పది మార్కులు. వదిలేసి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు. బాగా వచ్చనుకుని రాసినవవి. నా గది గోడ మీద హిస్టోన్ వేరియంట్ల (మామూలు హిస్టోన్లకు కాస్త తేడాతో ఉండే రకాలు) టేబుల్ అంటించి ఉండేది: సెన్ప్-ఏ అంటే సెంట్రోమియర్ (కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమ్‌ను పట్టి లాగే చోటు), మాక్రోహెచ్2ఏ అంటే ఇనాక్టివ్ ఎక్స్ (ఆడ కణాల్లో పనిచేయకుండా ఆగిన ఎక్స్ క్రోమోజోమ్), హెచ్2ఏ.ఎక్స్ అంటే డీఎన్ఏ డ్యామేజ్. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

మొదటి ప్రశ్న సారాంశం ఇది. డీఎన్ఏ రెప్లికేషన్ (కాపీ కావడం) ఆపేసిన కణాల్లో ట్యాగ్ చేసిన హెచ్3.1 (మామూలు హిస్టోన్), హెచ్3.3 (దాని వేరియంట్) ఉన్నాయి, ఏది క్రోమాటిన్‌లోకి చేరుతుంది? రెప్లికేషన్ లేకపోతే కొత్త హిస్టోన్‌కు చోటెక్కడిది అనుకుని ఏదీ చేరదని పెట్టాను. రెండోది, మనిషి కణాల్లో కొత్త సెన్ప్-ఏ ఎప్పుడు చేరుతుంది? సెంట్రోమియర్ డీఎన్ఏ కాపీ అయ్యేది ఎస్ ఫేజ్‌లోనే కదా అని ఎస్ ఫేజ్ పెట్టాను. నా టేబుల్‌లో "ఎక్కడ" అన్న గడి ఉంది. "ఎప్పుడు", "ఎవరు తెచ్చి పెడతారు" అన్న గడులు లేవు.

ఆ దెబ్బకు పుస్తకాలు మూసేసి ఊరెళ్లిపోయాను. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఉభాలు (వరినాట్లు) అయిపోయి రెండు వారాలైంది. అమ్మ ఒక్కతే చిన్న నారుకట్ట పట్టుకుని మడిలో తిరుగుతోంది. నేను గట్టు మీద దిగులుగా కూర్చున్నాను. "ఒలే, ఏటలా కూకున్నావు? దిగు. సచ్చిన కాడ నారెట్టాల" అంది. దిగాను. మొక్క చచ్చి ఖాళీ పడిన చోటల్లా ఒక్కో మొక్క గుచ్చుకుంటూ వెళ్తున్నాం. మా నారు అయిపోయిందని అమ్మ పక్క రైతు దగ్గర తెచ్చింది. రకం వేరు. "ఇప్పుడు తెలీదు, ఎన్ను తీసినప్పుడు తెలుస్తాది" అంది.

నాకు అక్కడే వెలిగింది. ఉభాలంటే ఎస్ ఫేజ్. కూలీలంతా ఒకేసారి దిగి మడి మొత్తం నాటేస్తారు. హెచ్3.1ను కాఫ్-1 (హిస్టోన్‌ను తెచ్చి పెట్టే ప్రోటీన్) పెట్టేది అలాగే, రెప్లికేషన్ ఫోర్క్ (డీఎన్ఏ విడిపోయి కాపీ అవుతున్న చోటు) వెంబడే. ఆ తర్వాత ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువు నుంచి ఆర్‌ఎన్ఏ తయారీ) జోరుగా జరిగే జన్యువుల దగ్గర న్యూక్లియోజోమ్‌లు (హిస్టోన్ల మీద డీఎన్ఏ చుట్టలు) ఊడిపోతుంటాయి. ఆ ఖాళీల్లో ఏ ఫేజ్‌లోనైనా హెచ్3.3ను పెట్టేది హిరా అనే వేరే ప్రోటీన్. టెలోమియర్లు (క్రోమోజోమ్ చివరలు), సెంట్రోమియర్ చుట్టుపక్కల హెటెరోక్రోమాటిన్ (బిగుసుకుని ఉండే క్రోమాటిన్) దగ్గర ఆ పని డాక్స్-ఏటీఆర్‌ఎక్స్‌ది. హెచ్3.1కి, హెచ్3.3కి తేడా ఐదే అమైనో ఆమ్లాలు. చూడ్డానికి ఒకటే మొక్క, రకం వేరు.

ఇది పట్టుకున్నాక మిగతావి వాటంతటవే దారిలోకి వచ్చాయి. ఎస్ ఫేజ్‌లోనే పని ఉన్న మామూలు హిస్టోన్ల ఎమ్ఆర్‌ఎన్ఏకు పాలీ-ఏ తోక (చివర వరసగా ఉండే 'ఏ' అక్షరాలు) ఉండదు, చివర స్టెమ్-లూప్ (ఆర్‌ఎన్ఏ మడత) ఉంటుంది. ఎప్పుడూ కావాల్సిన హెచ్3.3కి పాలీ-ఏ ఉంటుంది. సెన్ప్-ఏ విషయంలో, ఎస్ ఫేజ్‌లో ఉన్న పాతదాన్నే రెండు డీఎన్ఏలూ పంచుకుంటాయి, ఖాళీ చోట హెచ్3.3 కాపలా ఉంటుంది. మైటాసిస్ (కణ విభజన) దాటాక జీ1లో (మళ్లీ ఎస్ ఫేజ్ రాకముందు దశలో) హెచ్‌జేయూఆర్‌పీ అనే ప్రోటీన్ కొత్త సెన్ప్-ఏను తెస్తుంది. హెచ్2ఏ.ఎక్స్‌ది పూర్తిగా వేరే కథ. అది ముందే క్రోమాటిన్‌లో ఉంటుంది, డీఎన్ఏ రెండు పోగులూ తెగితే ఏటీఎమ్ అనే ఎంజైమ్ వచ్చి దాని సెరీన్ 139 (139వ చోట ఉన్న అమైనో ఆమ్లం) మీద ఫాస్ఫేట్ పెడుతుంది. కాబట్టి ప్రతి వేరియంట్‌నూ నాలుగు ప్రశ్నలు అడగండి: ఎప్పుడు వస్తుంది, ఎవరు పెడతారు, ఎక్కడ, పెట్టాక 147 బేస్ పెయిర్ల ఆ చుట్టలో ఏం మారుతుంది.

ఇక ప్లాన్. పాత పేపర్లు మూడుసార్లు చేశాను. పార్ట్ ఏ (జనరల్ ఆప్టిట్యూడ్) రోజుకు అరగంట. పార్ట్ బీ (సబ్జెక్ట్ ప్రశ్నలు) స్పీడ్ కోసం ఆదివారం మాక్ టెస్ట్. అంతే.

హైదరాబాద్ కోచింగ్‌కు వెళ్లకపోవడం వల్లే ఇన్నేళ్లు పట్టిందని మా బంధువులు ఇప్పటికీ అంటున్నారు. ఒప్పుకోను. ఇంట్లో డబ్బు లేదు, నేను అడగనూ లేదు. శ్రీకాకుళంలో అద్దె గదిలో ఉండి, పొద్దున ట్యూషన్లు చెప్పుకుని, రోజూ ఆరు గంటలు చదివాను. జ్వరమొచ్చినా రెండు గంటల కంటే తగ్గించలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూసి టైమ్ లేదనకండి, మీ అమ్మానాన్నలు పగలంతా మడిలో కష్టపడి ఇచ్చిన టైమ్ అది.

ఇప్పుడు పీహెచ్‌డీ ఇంటర్వ్యూల కోసం హెచ్2ఏ.జెడ్ మళ్లీ మొదలుపెట్టాను. ప్రమోటర్ (జన్యువును మొదలుపెట్టించే డీఎన్ఏ భాగం) పక్కన +1 న్యూక్లియోజోమ్‌లో (జన్యువు మొదలయ్యాక వచ్చే మొదటి చుట్టలో) ఉండే వేరియంట్ అదే, కానీ ఒక జన్యువును ఆన్ చేయడానికి, ఇంకోదాన్ని అణచడానికి కూడా దాని పేరే వినిపిస్తుంది. చుట్టలో దాని పార్ట్నర్ హిస్టోన్ ఎవరు, అసిటైలేషన్ (దాని మీద అసిటైల్ గుంపు అతకడం) ఉందా లేదా అన్నది చూసుకుంటూ చదవాలి. కలిసి చదవాలనుకుంటే రండి, ఆదివారం ఉదయం జిల్లా గ్రంథాలయంలోనే ఉంటాను.