సౌలు చెప్పిన మూడు కారణాలు

మన హాస్టల్లో ఆదివారం బైబిల్ క్లాసులో మొదటి సమూయేలు 13వ అధ్యాయం వస్తే అందరం ఇశ్రాయేలు రాజు సౌలును తిట్టేవాళ్లం. ఇప్పుడు చదివితే ఆ మనిషి మీద జాలేస్తుంది. ఏడు రోజులు ఆగాడు. జనం చెదిరిపోతున్నారు, ప్రవక్త సమూయేలు రాలేదు, ఫిలిష్తీయులు మిక్మషులో కూడుకున్నారు. సౌలు చెప్పిన ఈ మూడు కారణాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా సమూయేలు వచ్చి అర్పించాల్సిన దహనబలిని తనే అర్పించడం తప్పే. దహనబలి ముగించాడో లేదో సమూయేలు వచ్చేశాడు. ఒత్తిడిలో మనల్ని పడగొట్టేవి ఎక్కువగా ఇలాంటి నిజమైన కారణాలే. అందుకే ‘ఇది నిజమా’ అని అడిగితే చాలదు, ‘ఈ గడువు ఎవరు పెట్టారు’ అని కూడా అడగాలి.

పాలమూరులోనైనా నల్లగొండలోనైనా ఉద్యోగం దొరికిన విశ్వాసికి మొదట ఎదురయ్యేది ఇంకొకరి అప్పుకు షూరిటీ సంతకం. “అన్నా, నాలుగు గంటలకు బ్యాంకు బందయితది, జర సంతకం పెట్టు, ఊకె సాక్షి లెక్కనే” అంటారు. సాక్షి లెక్క కానే కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో షూరిటీదీ అంతే. బ్యాంకు ముందు అతని మీదికి పోయి తర్వాతే మన దగ్గరికి రావాలన్న నియమం లేదు. కాబట్టి అసలు ఎంత, వడ్డీ ఎంత, రెండో షూరిటీ ఎవరు, ఫారంలో ఖాళీలు ఉన్నాయా చూడాలి. ఖాళీ ఫారం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం అసలే వద్దు. ఈ మొత్తం రేపు నా జీతంలోంచి పోతే ఇల్లు నడుస్తుందా? నడవదంటే షూరిటీ ఉండకూడదు. దానికి బదులు తిరిగి రాకపోయినా ఫరవాలేదనుకున్నంత డబ్బు చేతికి ఇచ్చేయడం మేలు. ఇప్పటికే పెట్టేసినవాళ్లకు సామెతలు 6వ అధ్యాయం దారి చూపిస్తుంది: నిద్రపోకుండా పోయి బతిమాలుకో. అంటే ఆ వారమే అతనితో కూర్చోవడం, బ్యాంకుకు పోయి కిస్తీలు కడుతున్నాడో లేదో అడగడం. మొహమాటపడి ఆర్నెల్లు ఊరుకుంటే నోటీసే వస్తుంది.

కుల సర్టిఫికెట్ సంగతి ఇంకా కష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన ఎస్సీలు మన తెలంగాణలో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందికి వస్తారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో కులం పోదు గనుక ఈ నియమం అన్యాయమనే నా అభిప్రాయం. దాని మీద కొట్లాడొచ్చు, అర్జీ పెట్టొచ్చు. కానీ ఎస్సీ హోదా కోసం మతం గడిలో హిందువని రాయాలా, క్రైస్తవుడని రాయాలా అన్నది వేరే ప్రశ్న. కాలేజీ సీట్ల కౌన్సెలింగుకు రెండు రోజుల ముందు మీసేవ దగ్గర లైన్లో నిలబడి దీన్ని తేల్చుకోబోతే గడువే నిర్ణయం చేసేస్తుంది. బిడ్డను ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడే భార్యాభర్తలు మాట్లాడుకుని, స్కూలు రిజిస్టరులో, టీసీలో, చర్చి బాప్తిస్మం పుస్తకంలో ఒకే మాట ఉండేలా చూసుకోవాలి. తాతల కాలంలో ఎవరో హిందువని రాయించినదానికి ఇవాళ్టి పిల్లవాణ్ని చర్చిలో దోషిలా నిలబెట్టడం మాత్రం నాకు నచ్చదు.

ప్రసాదం విషయంలో ఇంత బరువు లేదు. పెట్టింది అడగకుండా తినండి, ‘ఇది బలి అర్పించింది’ అని ఎవరైనా చెబితే చెప్పినవారి కోసం మానండి అని మొదటి కొరింథీ 10లో పౌలు రాశాడు. పక్కింటి అక్కతో పండుగకు ముందే నవ్వుతూ చెప్పుకుంటే గడపలో ఇబ్బంది ఉండదు. బబులోను రాజు పెట్టే భోజనం తినకూడదనుకున్న దానియేలు చేసిందీ అదే. అధికారి తన తలకు ముప్పని భయపడితే వాదించలేదు. కింది పర్యవేక్షకుడి దగ్గరికి పోయి పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడమన్నాడు. అవతలివాడి భయం తీరేలా, గడువు తనే పెట్టుకుని అడిగాడు.

సలహా ఎవరిని అడగాలన్న దగ్గర మనవాళ్లు తరచూ పొరపాటు పడతారు. అప్పు అడిగేవాడు సంఘపెద్ద అయితే, అదే కమిటీలోని ఇంకో పెద్దను అడిగి లాభం లేదు. మన సంతకంతో నయాపైసా లాభం గానీ నష్టం గానీ లేని మనిషిని, వీలైతే వేరే ఊరి సంఘంవాణ్ని అడగాలి. ఇంట్లో భార్యకో భర్తకో మాత్రం సంతకానికి ముందే చెప్పాలి.