టైగర్ మాత్ కిట్: పై రెక్క నిలబెట్టేదాకా నా అనుభవం

నేను కట్టిన రిమోట్ మోడల్ విమానం ఎగిరింది, చక్రాల మీదే దిగింది. చిరాకూ సంతోషమూ రెండూ తాజాగా ఉండగానే రాసేస్తున్నాను. బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలున్న విమానం, కిట్ కొనాలనుకునేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. కష్టమంతా రెండో రెక్కను మొదటి రెక్క మీద సరైన కోణంలో నిలబెట్టడంలోనే ఉంది. మిగతాదంతా ఓపిక.

నేను ఎంచుకున్నది డి హావిలాండ్ టైగర్ మాత్. అసలు విమానం 1931లో మొదటిసారి ఎగిరింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన బేగంపేటలో పైలట్లకు తొలి శిక్షణ ఇచ్చింది దీని మీదే. హైదరాబాద్‌లో బైప్లేన్ కట్టాలంటే నాకు ఇంకో పేరు తోచలేదు. కిట్ అంతా లేజర్‌తో కోసిన బాల్సా అనే తేలికపాటి చెక్క, పలుచని ప్లైవుడ్. రెక్కల చాపు 1400 మి.మీ., రెక్క వెడల్పు 180 మి.మీ. బ్యాటరీతో కలిపి బరువు 1.6 కిలోలు వచ్చింది. రెండు రెక్కలూ కలిపి సుమారు 48 చదరపు డెసీమీటర్లు కాబట్టి ఒక్కో చదరపు డెసీమీటరుకు 33 గ్రాములు. ఈ సైజుకు అది తేలికే, నెమ్మదిగా ఎగురుతుంది.

కిట్ విదేశం నుంచి తెప్పిస్తే ఒక జాగ్రత్త. 2022 ఫిబ్రవరిలో కేంద్రం డ్రోన్ల దిగుమతిని, విడిగా తెచ్చి ఇక్కడ బిగించుకునే కిట్ల రూపంలో సహా, నిషేధించింది. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. కానీ కస్టమ్స్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు రెక్క ఉన్నదల్లా డ్రోనే. చెక్క ముక్కల పెట్టెను చూపించి, ఇందులో మోటారూ లేదు, రేడియో కూడా లేదు అని చెప్పినా ముందు తల ఊపి, తర్వాత మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఇన్‌వాయిస్‌లో 'బాల్సా చెక్క మోడల్ కిట్, మోటారు, రేడియో, బ్యాటరీ లేవు' అని అమ్మేవాడి చేత ముందే రాయించుకోండి. 'ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం' అనే మాట ఆ కాగితం మీద ఉండకూడదు. మోటారు, స్పీడ్ కంట్రోలర్, రెక్క, తోక పలకలను కదిలించే చిన్న మోటార్లు (సర్వోలు) ఇక్కడే కొనుక్కోవడం మేలు.

ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) ఆకారాన్నిచ్చే అడ్డ చట్రాలు, ఫార్మర్లు, గాడుల్లో వాటంతటవే కూర్చుంటాయి. రెక్క అడ్డ పలకలు (రిబ్బులు), నిడుపు దూలాలు (స్పార్లు), తోక కూడా అంతే. ప్లాన్ మీద పాలిథిన్ పరిచి, చదునైన బల్ల మీద గుండుసూదులతో నొక్కిపెట్టి ఫెవికాల్ వేస్తే చాలు. క్షణాల్లో అతుక్కునే సయనో జిగురు పగిలినచోట మాత్రమే వాడండి. మన వానాకాలం గాలి తేమకు తెరిచిన సీసా గట్టిపడిపోతుంది, మూత బిగించి ఫ్రిజ్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోవాలి. తోక పలకలు ఎండేదాకా బరువు కింద ఉంచాలి. తొందరపడి తీస్తే మెలిక పడతాయి.

ఇక కబేన్ దగ్గరికి వద్దాం. ఫ్యూజలాజ్ నుంచి పైకి లేచి, పై రెక్క మధ్యభాగాన్ని మోసే నాలుగు స్టీలు తీగలను కబేన్ స్ట్రట్లంటారు. కిట్‌లో 2.5 మి.మీ. పియానో వైరు (గట్టి స్టీలు తీగ) తిన్నని ముక్కలిచ్చి, 'ప్లాన్ ప్రకారం వంచుకోండి' అన్నారు. ప్లాన్‌లో పక్కనుంచి చూసిన బొమ్మ ఉంది, ముందునుంచి చూసిన బొమ్మ వేరే షీట్‌లో చిన్నగా ఉంది. పక్క బొమ్మలో ముందు తీగ 118 మి.మీ., వెనక తీగ 112 మి.మీ. ఆ కొలతలకు కోసిన తీగలు ఇమడవు. ఎందుకో ప్లాన్‌లో ఎక్కడా లేదు.

కారణం ఇది. తీగలు నిటారుగా లేవు, పైకి వెళ్లేకొద్దీ పక్కకు వాలతాయి. పక్క బొమ్మలో ఆ వాలు కనిపించదు, అందుకే పొడవు తక్కువగా కనిపిస్తుంది. ఈ ఫ్యూజలాజ్ ముక్కు వైపు సన్నబడుతుంది కాబట్టి ముందు తీగ అడుగు లోపలికి ఉంటుంది, పై కొస మాత్రం 30 మి.మీ. బయటికి వెళ్లాలి. వెనక తీగకు ఆ వాలు 10 మి.మీ. మాత్రమే. అంటే ముందు తీగ అసలు పొడవు 118 వర్గం, 30 వర్గం కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 122 మి.మీ. వెనకది 112.4. పక్క బొమ్మ కొలతకే కోసి లాగి బిగిస్తే రెక్క ముందు భాగం దాదాపు 4 మి.మీ. కిందికి దిగుతుంది, వెనక భాగం అర మిల్లీమీటరు కూడా దిగదు. తీగల మధ్య దూరం 110 మి.మీ. లెక్క వేస్తే పై రెక్క 1.8 డిగ్రీలు ముక్కు కిందికి వాలి నిలబడుతుంది.

కంటికి అది కనిపించదు. బల్ల మీద విమానం ముచ్చటగానే ఉంటుంది. గాలిలో మాత్రం పై రెక్క తక్కువ బరువు మోస్తుంది, ఎక్కువ మోత కింది రెక్క మీద పడుతుంది. వేగం తగ్గినప్పుడు కింది రెక్కే ముందు స్టాల్ అవుతుంది, అంటే గాలిలో నిలబెట్టే బలం కోల్పోతుంది. టైగర్ మాత్‌కు విమానాన్ని పక్కకు వాల్చే కదిలే పలకలు, ఎయిలెరాన్లు, కింది రెక్కకే ఉంటాయి, పై రెక్కకు ఉండవు. కాబట్టి స్టాల్ అవుతున్న రెక్క మీదే మీ అదుపంతా ఉందన్నమాట. పైగా కింది రెక్క వెనక ఉంది. అది ముందు చేతులెత్తేస్తే ముక్కు దిగడానికి బదులు ఇంకా పైకి లేవబోతుంది. ల్యాండింగ్ మలుపులో ఒక కొస పడిపోతే దాన్ని లేపే ఎత్తు మిగలదు.

ఈ తేడా గురించి కిట్ అమ్మినవాళ్లకు ఫొటోలతో, కొలతలతో రాశాను. 'మా కస్టమర్లందరూ ఎగరేస్తున్నారు' అని ఒక్క వాక్యం జవాబు. ఇక్కడి హాబీ షాపులో చూపిస్తే, తీగలను కాస్త లాగి స్క్రూ బిగించమన్నారు, పెద్ద మోటారు పెడితే ఏ కోణమైనా సర్దుకుంటుందన్నారు. పెద్ద మోటారు విమానాన్ని వేగంగా తీసుకెళ్తుంది. దిగేటప్పుడు మోటారు జోరు ఉండదు కదా, అప్పుడు కోణమే దిక్కు. ప్రొట్రాక్టర్ పట్టుకోని మనిషి సలహాకు తల ఊపకండి. వాళ్లు ఎన్నేళ్లుగా ఎగరేస్తున్నారో చెబుతారు, కోణం ఎంతుందో మాత్రం చెప్పలేరు.

చేయాల్సిన పద్ధతి చెబుతాను. తీగలను లెక్క ప్రకారం కోయండి, రెండు కొసలా వంపు కోసం 25 మి.మీ. చొప్పున అదనంగా ఉంచండి. వైస్‌లో పట్టి చల్లగా ఉండగానే వంచాలి. నిప్పు చూపిస్తే పియానో వైరు పదును పోయి మెత్తబడుతుంది. వంపు మొనదేలి ఉండకూడదు, 3 మి.మీ. వ్యాసార్ధమైనా ఉండాలి, లేకపోతే అక్కడే చిట్లుతుంది. తర్వాత తీగలను కాదు, ముందు రెక్కను నిలబెట్టాలి. 4 మి.మీ. ప్లైవుడ్‌తో రెండు పలకలు కోసి, వాటి పైన రెక్క అడుగు ఆకారంలో గాడి, కింద ఫ్యూజలాజ్ మీద కూర్చునే గాడి తీయండి. ఈ పలకలు పై రెక్క మధ్యభాగాన్ని కావలసిన ఎత్తులో, కోణంలో పట్టుకుంటాయి. అప్పుడు తీగలు వాటి చోటికి వస్తాయి. కలిసే చోట ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, పాత కరెంటు వైరులోంచి తీసిన సన్నని రాగి పోగుతో వదులుగా చుట్టండి. కోణం కొలవండి, సరిచేయండి, మళ్లీ కొలవండి. అప్పుడే టంకం. మామూలు సీసం టంకం వద్దు, వెండి కలిసిన టంకం కావాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కు ఈ స్టీలు వేడెక్కదు, కనీసం 60 వాట్లు ఉండాలి. టంకం అంటడానికి ఆమ్లం ఫ్లక్స్ వాడితే చివర్లో వంటసోడా నీళ్లతో కడగండి. కడగకపోతే కొన్ని వారాల్లోనే తీగ తుప్పు పడుతుంది.

కోణం కొలవడానికి డిజిటల్ లెవెల్ పెట్టె చాలు. తోక అడ్డపలకను సున్నాకు పెట్టి, అక్కణ్నుంచి రెండు రెక్కలకూ కొలవాలి. 180 మి.మీ. వెడల్పుకు ఒక డిగ్రీ అంటే ముందంచుకూ వెనకంచుకూ 3 మి.మీ. తేడా. పైనా కిందా ఒకే కోణం ఉండాలని ప్లాన్. ఏమైనా తేడా మిగిలితే పై రెక్కకే అర డిగ్రీ ఎక్కువ ఉండనివ్వండి. ముందున్న రెక్క ముందు స్టాల్ అయితే ముక్కు దానంతటదే దిగుతుంది. కింది రెక్కకు ఎక్కువ ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఎడమ కొసకూ కుడి కొసకూ మధ్య పావు డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. ప్రతి రెక్క కొస నుంచి తోక నిలువు కొయ్యకు దారం పట్టి రెండువైపులా పోల్చండి. నాది ఒక మిల్లీమీటరు తేడాతో వచ్చింది. ఈ సైజులో ఇంతకంటే నిక్కచ్చిగా కట్టిన టైగర్ మాత్‌ను నేను చూడలేదు.

రెక్కల కొసల దగ్గర రెండింటినీ కలిపే ఇంటర్‌ప్లేన్ స్ట్రట్లను ఆఖరున, నిజంగా ఉన్న ఎడానికి కొలిచి కోయాలి. కిట్‌లో కోసి ఇచ్చినవి బలవంతంగా తొడిగితే రెక్క మెలిపడుతుంది, అంత కష్టపడి సాధించిన కోణం కొసల దగ్గర పోతుంది. స్ట్రట్ వేలితో తోస్తే చోటులోకి జారాలి. బిగింపు తీగల బదులు 1 మి.మీ. ఎలాస్టిక్ దారం కట్టాను, చూపుకు బాగుంటుంది, బరువేమీ మోయదు.

సీజీ, అంటే విమానం సమతూకంగా నిలిచే బరువు కేంద్రం, విషయంలో షాపు సలహా ఇంకా ప్రమాదం. పై రెక్క మధ్యలో ముందంచు నుంచి మూడోవంతు దగ్గర వేలు పెట్టి తూచమంటారు. టైగర్ మాత్‌లో అది పనికిరాదు. ముందు కాక్‌పిట్‌లోని మనిషి పారాచూట్‌తో బయటపడేందుకు అడ్డు లేకుండా అసలు విమానంలో పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపారు. అలా ముందుకు పోయిన లిఫ్ట్‌ను (రెక్క పైకి ఎత్తే బలాన్ని) వెనక్కి తేవడానికి రెక్కలను వెనక్కి వాల్చారు. ఆ వాలును లెక్కలో కలపాలి. నా మోడల్‌లో వాలు వల్ల పై రెక్క సగటు ముందంచు మధ్యభాగం ముందంచుకు 41 మి.మీ. వెనక ఉంది. కింది రెక్కది ఇంకో 50 వెనక, అంటే 91. రెండు రెక్కల వైశాల్యం దాదాపు సమానం, సగటు 66. దానికి వెడల్పులో పావు, 45 కలిపితే 111 మి.మీ. మూడోవంతు సూత్రం ప్రకారమైతే 60 దగ్గర తూచేవాళ్లం. అందుకోసం ముక్కులో సీసం ముద్దలు కుక్కి, విమానాన్ని తలబరువుతో పంపేవాళ్లం. నేను 111 దగ్గర దారంతో వేలాడదీశాను. బ్యాటరీని ముందుకు నెట్టాక మోటారు బిగించే పలక (ఫైర్‌వాల్) వెనక 80 గ్రాముల సీసం చాలింది.

మోటారు 3536 సైజు, 900 కేవీ (వోల్టుకు నిమిషానికి 900 చుట్లు) ప్రాంతం, 3 సెల్ 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, 40 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్. వాట్‌మీటర్‌తో చూసి 22 ఆంపియర్ల దగ్గర ఆగే ప్రొపెల్లర్ ఎంచుకోండి. సుమారు 240 వాట్లు వస్తాయి, ఈ బరువుకు సరిపడా. మోటారు కిందికి 2 డిగ్రీలు, కుడికి 2 డిగ్రీలు. ఎయిలెరాన్ పైకి 12 మి.మీ., కిందికి 5 మాత్రమే. సమానంగా కదిలిస్తే కిందికి దిగిన ఎయిలెరాన్ ఎక్కువ లాగుడు తెచ్చి, మీరు ఎడమకు తిప్పితే ముక్కును కుడికి లాగుతుంది. దాంతోపాటు ముక్కును పక్కకు తిప్పే తోక పలక, రడ్డర్, కూడా వాడాలి. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, ఎలివేటర్, అటూ ఇటూ 12 మి.మీ. రిమోట్ కర్ర మధ్యలో మెత్తగా స్పందించేలా చేసే ఎక్స్‌పో 30 శాతం. సిగ్నల్ పోతే థ్రాటిల్ (మోటారు జోరు) ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ప్రొపెల్లర్ తీసి పరీక్షించండి.

ఎగరేసే చోటు ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో చూసుకోండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు, విమానాశ్రయం చుట్టుకొలత నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ నాలుగూ కలిపి నగరం చుట్టూ చాలా మేర కప్పేస్తాయి. ఊరి బయట ఎండిన చెరువు గర్భం మంచిది, నేల గట్టిగా, పశువులు లేకుండా ఉండాలి.

పొద్దున్నే, గాలి లేవకముందే వెళ్లాలి. గాలికి ఎదురుగా పెట్టి, ఎలివేటర్ కొద్దిగా వెనక్కి పట్టి తోకను నేలకు ఆన్చి, థ్రాటిల్ నెమ్మదిగా పెంచండి. ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ సిద్ధంగా ఉంచుకోండి. ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తే అక్కడే గిర్రున తిరుగుతుంది. చక్రాల ముందువైపులు లోపలికి ఒక డిగ్రీ తిప్పి ఉంచితే ఇది తగ్గుతుంది. తోక లేచాక లాగొద్దు, దానంతటదే లేవనివ్వండి. నాది చిటికెలో కాదు, పొడవైన నిదానమైన పరుగుతో లేచింది, అలాగే లేవాలి.

ఎత్తులో సగం థ్రాటిల్ పెట్టి, ముక్కు 30 డిగ్రీలు కిందికి వంచి రిమోట్ కర్ర వదిలేయండి. జోరుగా పైకి లేస్తే ముక్కు బరువు ఎక్కువ, ఇంకా కిందికి దిగబోతే తోక బరువు. నాది మెల్లగా తలెత్తింది, సీసం ముట్టుకోలేదు. తర్వాత అదే ఎత్తులో స్టాల్ చేసి చూశాను. ముక్కు సూటిగా దిగింది, కొస పడలేదు. కబేన్ దగ్గర పోసిన శ్రమకు ఫలితం అదే.

దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూయకూడదు. రెండు రెక్కలూ, స్ట్రట్లూ, తీగలూ గాలిని అంతగా అడ్డుకుంటాయి, మోటారు ఆగగానే వేగం పోతుంది. పావు థ్రాటిల్‌తో రండి, చక్రాలు తగిలాక మూయండి, ఆగేదాకా రడ్డర్ వదలకండి. ఇంటికి తెచ్చాక కబేన్ టంకం నాలుగు చోట్లా భూతద్దంతో చూడండి. రాగి చుట్ల దగ్గర సన్నని గీత కనిపిస్తే టంకం చిట్లింది, కొత్తగా వేసి కోణం మళ్లీ కొలిచాకే రెండోసారి ఎగరేయాలి.